ఓడల కాలువ మీద తూర్పు గాలి

కాకినాడ తిరిగి వచ్చాక నాకు వచ్చే ఫోన్లలో సగం పిల్లలవే. మా చర్చి వాళ్ళమ్మాయో, పాత సహోద్యోగి మేనల్లుడో వాతావరణ పరిశీలనలో ఏదో కోర్సు పూర్తిచేసి, గల్ఫ్‌లో ఓడరేవు పనుల దగ్గర వెదర్ డెస్క్ ఉద్యోగం దొరికిందని, చేరమంటారా వద్దా అని అడుగుతారు. ఫ్లాటు ఎలా ఉంటుందో, సెలవులు ఎన్నో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. పని ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. నేను చెప్పడం మొదలుపెడితే గొంతు మారిపోతుంది. అవతలి పిల్ల కంగారుపడి, "సరేనండి ఆంటీ, మళ్ళీ చేస్తాను" అని పెట్టేస్తుంది. అందుకని రాసి పెడుతున్నాను. ఇందులో ధైర్యం చెప్పే మాటలు పెద్దగా లేవు. అవి కావలసినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నా పేరు రత్నకుమారి. కాకినాడ రేవులో కొన్నేళ్ళు గాలీ వానా కొలిచి, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పనులు ఊపందుకున్న సంవత్సరాల్లో కతార్ వెళ్ళాను. సముద్రపు అడుగు తవ్వి, పెద్ద ఓడలు ఒడ్డుదాకా రావడానికి కాలువ తయారుచేసే పనిలో ఉన్న ఒక చిన్న సబ్‌కాంట్రాక్టు కంపెనీలో నా ఉద్యోగం. దాని పేరూ, చోటూ చెప్పను. లోకమంతా స్టేడియాల ఫొటోలు చూసింది. ఆ ఇనుమూ, అద్దాలూ, కుర్చీలూ దిగాలంటే ముందు ఓడలకు దారి ఉండాలి కదా. ఆ దారి దగ్గర నేను పనిచేశాను.

కాలువ ఒడ్డున ఒక క్యాబిన్. దాని మీద గాలిని కొలిచే స్తంభం. గంటగంటకూ వేడి, తేమ, గాలి దిక్కు చూసి, ఓడలను లాగే టగ్గులకూ, తవ్వే ఓడకూ, ఒడ్డున రాళ్ళు పేర్చే మనుషులకూ రేడియోలో చెప్పాలి. పచ్చ అంటే పని, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆపమని సలహా. సలహా అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఏ నెల ఎలా ఉంటుంది

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ కాలువ మీద బతుకు హాయి. ఉదయం స్వెటర్ వేసుకుని టీ తాగుతాం. వాయవ్యం నుంచి షమాల్ గాలి వీచిన రోజుల్లో అలలు లేచి టగ్గులు ఆగిపోతాయి, కొన్ని ఉదయాలు పొగమంచులో ఓడలు లంగరేసి కూర్చుంటాయి. కష్టమంటే అంతే. మార్చి, ఏప్రిల్‌లలో దుమ్ము. ఒక్కో మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉరుములతో గాలివాన వచ్చి, పావుగంటలో క్రేన్లను ఊపేసి పోతుంది.

జూన్, జులైలలో గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. కనురెప్పలు మండుతాయి, పెదవులు పగులుతాయి. అయినా అది పొడిగాలి, చెమటను ఆరుస్తుంది. చెమట ఆరినంతసేపు, నీళ్ళు దొరికినంతసేపు మనిషి ఎలాగో నెట్టుకొస్తాడు.

ఆగస్టు చివర్లో థర్మామీటరు కొద్దిగా దిగుతుంది. ఊళ్ళో వాళ్ళు "ఎండ తగ్గింది" అంటారు. సరిగ్గా అప్పుడే షమాల్ పడిపోయి, తూర్పు నుంచి, వేడెక్కిన సముద్రం మీదుగా తడిగాలి మొదలవుతుంది. ఏసీ గది తలుపు తీస్తే కళ్ళద్దాలు తెల్లబడిపోతాయి. చెమట ధారగా కారుతుంది గాని ఆరదు. అది ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మనిషి లోపల్నుంచి ఉడికిపోతాడు. గోదావరి జిల్లాలో పుట్టిన నాకు ఉక్కపోత తెలుసనుకుని వెళ్ళాను. నాకేమీ తెలియదని మొదటి సెప్టెంబరే చెప్పింది.

అప్పట్లో వేసవి మధ్యాహ్నాలు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉండేది. మంచి నిబంధనే. కాని అది ఒక తేదీన మొదలై ఇంకో తేదీన ముగిసేది. తడిగాలి ఆ తేదీ దాటాక కూడా ఉండేది.

కెప్టెన్ అడిగిన ప్రశ్న

మా మెరైన్ విభాగానికి గోవా నుంచి వచ్చిన ఒక పెద్దాయన అధిపతి. అందరూ కెప్టెన్ అనే పిలిచేవారు. నేను చేరిన కొత్తలో రేడియోలో అంకెలన్నీ ఇంగ్లీషులో స్పష్టంగా చదివేదాన్ని. నా ఉచ్చారణ మీద నాకు గర్వం కూడా ఉండేది. ఒకరోజు ఆయన క్యాబిన్‌లోకి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"రత్నా, ఇదంతా ఎవరికి చెబుతున్నావు?"

"అందరికీ సార్."

"ఆ అందరిలో ఒకణ్ణి పిలిచి, ఏం అర్థమైందో అడుగు."

టగ్గు మీద మోకులు కట్టే బిహారీ మనిషి ఒకతను అటుగా పోతుంటే పిలిచాను. అతను సిగ్గుపడుతూ, "మేడమ్ గంటగంటకూ ప్రార్థన చేసుకుంటుందనుకున్నాను" అన్నాడు. కెప్టెన్ నవ్వలేదు. "అంకెలు పుస్తకంలో రాసుకో. నోటితో మాత్రం మనిషి ఏం చెయ్యాలో చెప్పు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నుంచి హిందీలోనూ, తెలుగులోనూ చెప్పడం మొదలుపెట్టాను. "ఎరుపు. నీడకు వెళ్ళండి. కూర్చోండి. నీళ్ళు తాగండి." నా వృత్తిలో నేను నేర్చుకున్న అసలు విద్య ఇదే. ఏడాది తిరక్కుండానే కెప్టెన్‌కు కాంట్రాక్టు ముగిసింది. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. మెరైన్ విభాగాన్ని కూడా ప్రాజెక్టు మేనేజరు కిందే కలిపేశారు.

లచ్చన్న

తెలుగులో చెప్పిన వారం రోజులకు క్యాబిన్ తలుపు దగ్గర ఒక పొడుగాటి మనిషి నిలబడ్డాడు. ముఖానికి చుట్టుకున్న గుడ్డ విప్పాడు.

"అక్కా, రేడియోల తెలుగు మాట్లాడేది నువ్వేనా?"

లచ్చన్నది జగిత్యాల దిక్కు. కాలువ గట్టుకు రాళ్ళు పేర్చే గ్యాంగుకు పెద్ద. ఆ గ్యాంగులో చాలామంది అతని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. అందరూ ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి ఒకే బస్సులో వచ్చేవారు.

"నువ్వు ఎర్ర అంటే ఆగుమంటవు. ఫోర్‌మన్ ఆగద్దంటడు. నేనెవ్వరి మాట వినాలె?"

"ఆపించే అధికారం నాకు లేదు లచ్చన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పగలను, అంతే."

అతను గుడ్డ మళ్ళీ ముఖానికి చుట్టుకున్నాడు. "గట్లయితే నీ మాటే వింట. ఆగితే డ్యూటీ పోతది. ఆగకపోతే మనిషి పోతడు."

తర్వాత రెండు వేసవులు అతను అలాగే చేశాడు. నేను ఎరుపు అనగానే గ్యాంగును నీళ్ళ ట్యాంకర్ నీడకు తీసుకెళ్ళేవాడు. ఊరికి పోయి వచ్చినవాళ్ళను మొదటి వారం రాళ్ళ మీదికి పంపేవాడు కాదు. నీళ్ళు మోయడం, తాళ్ళు చుట్టడం లాంటివి ఇచ్చేవాడు. ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఒళ్ళు వేడికి మెల్లగా అలవాటు పడుతుంది, నెల రోజులు దూరంగా ఉంటే ఆ అలవాటును మరిచిపోతుంది. కొత్తగా వచ్చినవాడికి ఎంత ప్రమాదమో, సెలవు నుంచి వచ్చినవాడికీ దాదాపు అంతే.

మూడో ఏడాది నిబంధన గడువు ముగిసిన రెండో రోజే తూర్పు గాలి పట్టింది. మధ్యాహ్నం ఎరుపు చెప్పాను. లచ్చన్న గ్యాంగును కూర్చోబెట్టేశాడు. రాళ్ళతో నిండిన బల్లపరుపు పడవ, బార్జ్, గట్టు పక్కన ఆగిపోయింది. ప్రాజెక్టు మేనేజరు హాతిం జీపులో వచ్చాడు. ఈజిప్టు ఇంజనీరు, కష్టజీవి, ఎవరినీ తిట్టే మనిషి కాదు.

"యల్లా, యల్లా! పని!" అంటూ చప్పట్లు కొట్టాడు.

లచ్చన్న లేచి నిలబడి, చేతులు కట్టుకుని, 'లేదు' అనే అరబ్బీ మాటతో, "మాఫీ సార్. ఇప్పుడు పని లేదు. ఎరుపు" అన్నాడు.

హాతిం నేరుగా నా క్యాబిన్‌కు వచ్చాడు. "రత్నా, నిషేధం అయిపోయింది కదా. క్యాలెండర్ చూడలేదా?"

"చూశాను సార్. గాలిని కూడా చూడండి" అని వేడినీ తేమనూ కలిపి కొలిచే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించాను.

అతను చదివాడు. చదవడం వచ్చినవాడే. కుర్చీలో కూలబడి, నా సీసాలో నీళ్ళు తాగి, "నాకు తెలుసమ్మా. నా పైవాడికి తెలియదు. వాడి పైవాడికి కాలువ తెరిచే రోజు ఒక్కటే తెలుసు" అన్నాడు.

మరునాడు గ్యాంగును రెండుగా విడగొట్టారు. లచ్చన్నను పడమట దుఖాన్ ఊరి వైపు రోడ్డు పనికి పంపేశారు. వెళ్ళే ముందు ఫోన్ చేశాడు.

"ఏం గాదక్కా. ఆ దిక్కు గాలి పొడిగుంటదట. పొడిగాలి నయమని నువ్వే అన్నవు గద." నవ్వడానికి ప్రయత్నించాడు. "మా ఊరి పిలగాడు సాయిలు లీవు మీద పోయిండు. ఈ వారం వస్తడు. జర సూస్కో."

అతిథుల కోసం

అదే వారం హెడ్డాఫీసు నుంచి ఒక పని వచ్చింది. కాలువ ప్రారంభానికి ముందు విదేశాల నుంచి అతిథులు వస్తారట. పడవలో తిరిగి చూడటానికి ఏ నెలలు బాగుంటాయో ఒక పేజీ రాసి ఇవ్వమన్నారు. రాశాను. చలికాలం గురించి రెండు పేరాలు, తూర్పు గాలి నెలల గురించి రెండు పేరాలు. అచ్చయి వచ్చిన కాగితంలో మొదటి రెండే ఉన్నాయి. హాతింను అడిగితే, "వాళ్ళు రాని నెలల సంగతి వాళ్ళకెందుకు?" అన్నాడు. నిజమే, వాళ్ళకెందుకు?

ఆటను కూడా వేసవిలోంచి చలికాలానికి మార్చారు. ఆడేవాళ్ళకూ, చూసేవాళ్ళకూ ఈ వేడి పనికిరాదని పెద్దపెద్దవాళ్ళు కూర్చుని తేల్చారు. ఆ నిర్ణయంలో తప్పు లేదు, నేనైనా అదే చెబుతాను. ఆ వేడిలోనే అన్నీ కట్టాలన్న సంగతి కూడా వాళ్ళకు తెలుసు. నాకు నిద్ర పట్టనిది అక్కడే.

సాయిలు

సాయిలుకు ముప్పై లోపే. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో నెలంతా ముసురులో గడిపి వచ్చాడు. బస్సు దిగగానే క్యాబిన్‌కు వచ్చి, వాళ్ళావిడ గంగమణి ఇచ్చిందంటూ సర్వపిండి పొట్లం పెట్టాడు. "లచ్చన్నకు పంపెటందుకు లేదు గదా అక్కా, నువ్వే తిను" అన్నాడు.

నేను గ్యాంగుకు వచ్చిన కొత్త ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి, ఈ అబ్బాయిని వారం రోజులు తేలిక పనిలో ఉంచమని చెప్పాను. సరే అన్నాడు. మరునాడే రెండు బార్జ్‌లు వచ్చాయి. సాయిలును రాళ్ళ మీదికి పంపారు.

మధ్యాహ్నం దాటాక గాలి చచ్చిపోయింది. సముద్రం నూనె పోసినట్టు ఉంది. హిందీలో, తెలుగులో, ఇంగ్లీషులో ఎరుపు చెప్పాను. కిటికీలోంచి చూస్తే గట్టు మీద ఎవరూ నీడకు కదలడం లేదు. అందరూ పనిలోనే ఉన్నారు. రేడియో అక్కడే పడేసి గట్టు దాకా నడిచాను.

ఫోర్‌మన్ నన్ను చూడగానే చెయ్యెత్తాడు. "మేడమ్, మీరు చెప్పారు, నేను విన్నాను. ఈ బార్జ్ ఒక్కటి ఖాళీ కానివ్వండి."

సాయిలు ఒక రాతి మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది గాని, ముఖం పొడిగా, ఎర్రగా ఉంది.

"ఎలా ఉంది సాయిలూ?"

"మంచిగనే ఉన్న అక్కా. జర సలి పెడుతుంది."

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ వేడిలో ఎవరైనా చలి అన్నారంటే ఒక్క క్షణం ఆగకూడదు. నేను ఆగలేదు. అరిచి నలుగురిని పిలిచాను. నీడకు మోసుకెళ్ళి, చొక్కా చింపి, ట్యాంకర్ నీళ్ళు పోశాం. క్యాబిన్ ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా తెప్పించి చంకల్లో, మెడ కింద పెట్టాం. నేనే నీళ్ళు పట్టాను, రెండు గుక్కలు తాగాడు. ఫస్ట్ ఎయిడ్ వ్యాన్ కాలువ అవతలి చివర ఉంది. అది వచ్చేలోగా అతను నన్ను వాళ్ళమ్మ అనుకున్నాడు. "వాన వెలిసిందా అవ్వా?" అని అడిగాడు. వెలిసిందన్నాను.

ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. నేను వ్యాన్‌లోనే ఉన్నాను.

సహజ మరణం

గుండె, ఊపిరి ఆగిపోయి సహజ మరణం అని రాశారు. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరు చనిపోతారు? కంపెనీ జరిపిన విచారణకు నన్ను పిలిచారు. నా కొలతలు చదివాను, ఎన్నిసార్లు ఎరుపు చెప్పానో చెప్పాను, సాయిలు ఏమన్నాడో చెప్పాను. సేఫ్టీ ఆఫీసరు మర్యాదగా విని, "మేడమ్, ఈ కొలత మీ స్తంభం దగ్గరది. అతను నిలబడ్డ చోట ఎంత ఉందో మీరు చెప్పగలరా?" అన్నాడు. చెప్పలేనన్నాను. గట్టు దగ్గర ఇంకో పరికరం పెట్టమని కెప్టెన్ తను వెళ్ళేముందే కంపెనీని అడిగిన సంగతి కూడా చెప్పాను. దాన్ని ఎవరూ రాసుకోలేదు. ఫోర్‌మన్ తనకు చెప్పారని ఒప్పుకున్నాడు. సలహా పాటించి తీరాలన్న నిబంధన లేదని కూడా చెప్పాడు. అదీ నిజమే. ఆ గదిలో ఎవరూ అబద్ధం ఆడలేదు.

బయటికి వచ్చాక హాతిం కారిడార్‌లో గోడకు ఆనుకుని ఏడ్చాడు. మరుసటి నెల మళ్ళీ బార్జ్‌ల లెక్క అడుగుతూ క్యాబిన్‌కు వచ్చాడు. అతన్ని ఎంత ద్వేషించాలని చూసినా నాకు చేతకాలేదు. ద్వేషించడానికి ఒక మనిషి దొరికితే కాస్త తేలికయ్యేదేమో.

గంగమణి

శవపేటిక ఊరు చేరిన పదిహేను రోజులకు గంగమణి ఫోన్ చేసింది. నంబరు లచ్చన్న ఇచ్చాడట. శుక్రవారం, నేను చర్చి నుంచి వస్తున్నాను; అక్కడ సెలవు శుక్రవారమే, ఆరాధనా ఆ రోజే.

"అక్కా, దుబాయ్‌ల మా ఆయన నీ శేతులనే పోయిండట గదా." కతార్ అన్నా ఆ ఊళ్ళో వాళ్ళకు అంతా దుబాయే. "ఒక్క మాట అడుగుత. ఆయనకు దూప అయిందా?"

"లేదమ్మా. నీళ్ళు తాగాడు. నేనే పట్టాను."

"నీళ్ళు దొరికినంక గూడ ఎట్ల సచ్చిండు మరి?"

తడిగాలి గురించి చెప్పాను. చెమట ఆరకపోతే ఒళ్ళు ఎలా కాగిపోతుందో చెప్పాను. ఆమె మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"ఈ సంగతి ఆడ ఎవలకు తెల్వదా అక్కా?"

"తెలుసమ్మా."

"ఎవలెవలకు తెలుసు?"

"అందరికీ తెలుసు."

ఆమె ఏడవలేదు. వెనక ఎక్కడో పాలవాడి బండి హారన్ వినిపించింది. తర్వాత, "సరే అక్కా, ఉంట మరి" అని పెట్టేసింది. రోడ్డు పక్కన నిలబడి ప్రార్థన చేద్దామనుకున్నాను. మాటలు రాలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం రాలేదు.

ఆట మొదలయ్యాక

కాలువ చలికాలంలో తెరిచారు. అతిథులు పడవల్లో తిరిగారు. తర్వాతి సంవత్సరాల్లో నిబంధన మారింది. క్యాలెండర్‌తో పాటు తడివేడి కొలతనూ లెక్కలోకి తెచ్చారు, ఒక హద్దు దాటితే పని ఆపాల్సిందే అన్నారు. మంచిదే. ఆ మార్పు తెచ్చినవాళ్ళకు దణ్ణం పెడతాను. గంగమణికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. చెప్పి ఏం చేయను?

నేను ఆట అయ్యేదాకా ఉన్నాను. ఎందుకున్నావని మా చెల్లెలు అడుగుతుంది. నేను పోతే ఆ కుర్చీలో మళ్ళీ అంకెలు చదివేవాళ్ళు వస్తారేమోనని భయం. ఇంతకంటే గొప్ప కారణం లేదు. నవంబరులో దోహా సముద్రపు ఒడ్డున జెండాలు కప్పుకున్న జనం పాటలు పాడుతూ తిరుగుతుంటే చూశాను. గాలి చల్లగా ఉంది. ఎవరో విదేశీ దంపతులు ఫొటో తీయమని ఫోన్ ఇచ్చి, "ఇక్కడ వేడి అంటారు, ఎంత హాయిగా ఉందో!" అన్నారు. అవునన్నాను. ఫొటో బాగా వచ్చింది.

పిల్లలకు చెప్పవలసింది కొంచెమే. పరికరాన్ని మనుషులు పనిచేసే చోట పెట్టమని మొదటి రోజే అడగండి. వాళ్ళ భాషలో చెప్పండి. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: నేను ఎరుపు అంటే పని ఆపేది ఎవరు? ఫలానా మనిషి అని పేరు చెబితే చేరండి. "చూద్దాం" అంటే, మీ ఉద్యోగం మనుషులను కాపాడటం కాదని తెలుసుకుని మరీ చేరండి.

పోయిన వేసవిలో గంగమణి మళ్ళీ ఫోన్ చేసింది. ఆమె తమ్ముడు నరేశ్‌కు గల్ఫ్‌లోనే మరో దేశంలో, రేవు పనికి వీసా వచ్చిందట. వెళ్ళాల్సింది జులైలో. డిసెంబరుకు మార్చమని ఏజెంటును అడగమన్నాను, ఒళ్ళు అలవాటు పడటానికి చలికాలం నుంచి మొదలుపెట్టాలని చెప్పాను. ఆమె అడిగింది. మనుషులు ఇప్పుడు కావాలి, అప్పుడు ఎవరికి కావాలి అన్నాడట ఏజెంటు. నరేశ్ వెళ్ళాడు.

అక్కడ వెదర్ డెస్క్ ఉందో లేదో అతనికి తెలియదు. అందుకని రోజూ కాకినాడలో పొద్దున్నే లేచి, ఆ తీరం మీద గాలీ తేమా ఎలా ఉన్నాయో ఫోన్‌లో చూసి, అతనికి మాటలు రికార్డు చేసి పంపుతున్నాను. సెప్టెంబరులో ఒకరోజు గాలి తూర్పుకు తిరిగింది. మధ్యాహ్నం పని చేయవద్దు, నీడకు వెళ్ళు, నీ పైవాళ్ళతో చెప్పు అని పంపాను. సాయంత్రం జవాబు వచ్చింది. గొంతు బొంగురుగా ఉంది.

"విన్న అక్కా. వాళ్ళకు గూడ వినిపించిన. పని ఆపలే."